జగ్గు బొమ్మ బాబాయిగారు

ఆధార్ కార్డు జిరాక్సులో మనిషి మొహం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నల్లటి మరక. చెవుల దగ్గర కాస్త తెల్లగా, గడ్డం కింద కాస్త బూడిదరంగుగా ఉంటే అది మనిషేనని నమ్మాలి. అలాంటి మరకల్లోంచి మొహాలు తీయడం నా పని. భవానీపురంలో మాకు ఫోటో ఫ్రేముల షాపుంది. ఫ్రేములు మా ఆయన కడతారు, కంప్యూటరు ముందు నేను కూర్చుంటాను. ఇంట్లో ఎవరైనా పోతే జనం కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఏది దొరికితే అది నా చేతిలో పెడతారు. పెళ్ళి గుంపులో వెనక వరసలో ఉన్న తల కావచ్చు, ఫోనులో వంకరగా తీసింది కావచ్చు, జిరాక్సు కావచ్చు. సాయంత్రానికల్లా నేను ఆ మనిషికి జుట్టు దువ్వి, పట్టుబట్టలు కట్టి, వెనకాల నీలిమేఘాలు పెట్టి ఇచ్చేస్తాను. బతికుండగా ఒక్క పట్టుచీరైనా కట్టని వాళ్ళకి కూడా నేను కట్టాను.

పోయిన నెల ఒక పెద్దమనిషి వచ్చి ఒక జిరాక్సు కాగితం, పాత పేపర్లో చుట్టిన ఒక ఫ్రేము కౌంటరు మీద పెట్టాడు.

"మా ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాడమ్మా. పోయాడు. ఆదివారం పెద్దకర్మ. ఈ ఫ్రేము ఆయనదే, అద్దం బాగానే ఉంది. ఇందులో పిచ్చిబొమ్మేదో ఉంది, అది తీసి పారేసి ఆయన ఫోటో వేసిచ్చెయ్యండి" అన్నాడు.

పేపరు విప్పక ముందే, ఫ్రేము పై మూలల్లో కొక్కేలు నా చేతికి తగిలాయి. దండ వేలాడదీసే కొక్కేలు. అవి పొరపాటున మా ఆయన బిగించినవి. జగ్గు బొమ్మ బాబాయిగారు పోయారని నాకలా తెలిసింది. జిరాక్సు మీద ఆయన పేరుంది గానీ, మా షాపులో ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఇప్పుడు రాయను కూడా.

ఆయన మొదటిసారి వచ్చింది బుడమేరు వాగు పొంగి నీళ్ళు ఊళ్ళోకి వచ్చి పోయాక. మా షాపు కాస్త మిట్ట మీద ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ రోజుల్లో మా ముందు తడిసిన ఆల్బములు పట్టుకుని జనం బారులు తీరారు. ఒకదానికొకటి అంటుకుపోయిన ఫోటోలని మెల్లగా విడదీస్తుంటే పెళ్ళికూతురి మొహం ఊడిపోయి ఇంకో ఫోటో వీపుకి అంటుకుని వచ్చేది. చాలామందికి తెల్లకాగితమే మిగిలింది. ఆ జనంలో ఈయన ఒక్కరే పొడి కాగితం తెచ్చారు. అటక మీద ఉండబట్టి తడవలేదట. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, చుట్ట విప్పి, "దీనికి ఫ్రేము కట్టాలండీ" అన్నారు.

అదొక అచ్చుబొమ్మ. అంతా నలుపు, తెలుపు, మధ్యలో ఒకటి రెండు రకాల బూడిద. ఒక బల్ల ఉంది గానీ అది మన మీదికి ఒరిగిపోతున్నట్టుంది. దాని మీద ఒక జగ్గు. జగ్గు మూతి పైనుంచి చూసినట్టు గుండ్రంగా ఉంటే, పొట్ట పక్కనుంచి చూసినట్టుంది. ఒక సీసా నిలువునా రెండుగా చీలి, ఒక సగం నల్లగా, ఒక సగం తెల్లగా, ఒకదానికొకటి పొంతన లేకుండా నిలబడింది. నిమ్మకాయలు, ఒక చాకు, బల్ల అంచు మీంచి కిందికి జారుతున్న చారల గుడ్డ. ఫైలు పాడైనప్పుడు నా కంప్యూటర్లో ఫోటోలు సరిగ్గా ఇలాగే ముక్కలుముక్కలుగా వస్తాయి. చూడగానే నాకు చిరాకే వేసింది.

మా ఆయన అసలు చూడనే లేదు. ఆయన లెక్కలో నలుపు తెలుపు కాగితం ఫ్రేముకి వచ్చిందంటే అది పోయినవాళ్ళదే. ముసలమ్మలవీ తాతలవీ అన్నీ అలాగే వస్తాయి మరి. అలవాటుగా పై మూలల్లో కొక్కేలు బిగించేసి, బాబాయిగారు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, "కింద పట్టీ మీద జననం, మరణం తేదీలు ఏం వెయ్యమంటారండీ?" అని కూడా అడిగారు. నేను లోపల నాలిక్కరుచుకున్నాను.

బాబాయిగారు ఆ మాట పట్టించుకోలేదు. ఫ్రేము చేతిలోకి తీసుకుని ముందు తిరగేశారు. వెనక అట్ట అంచుల మీద మా ఆయన వంకరటింకరగా అతికించిన ఖాకీ టేపు వెంబడి బొటనవేలు పోనిచ్చారు.

"వెనక ఇలా వదిలేశారేంటండీ?"

"గోడకేసి ఉండేదే కదండీ బాబాయిగారూ, ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానండీ" అన్నారాయన.

పుట్టింది మంగళగిరిలో మగ్గాల ఇంట్లోనట. పని మాత్రం వన్‌టౌన్‌లో ఒక గుడ్డల హోల్‌సేల్ కొట్టులో గుమస్తా. అక్కడ చీరె ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి చూడాల్సిందే. ఆ చెయ్యి ఊరుకునేది కాదు. మేం టీ ఇస్తే సాసరు కూడా ఎత్తి అడుగు చూసేవారు. మా ఆయన పెళ్ళిశుభలేఖల నమూనా చూపిస్తే లోపల ఏముందో చదవకుండా వెనక అట్ట నిమిరారు. "మా చీరెకి ముందూ వెనకా ఒకటే ఉండాలమ్మా. ఒక వైపు బాగుండి రెండో వైపు పోగులు వేలాడితే అది ఎవరికి కట్టబెడతాం?" అనేవారు.

అలా టేపుని తిట్టుకుంటూ ఫ్రేము ముందుకి తిప్పాక కొక్కేలు కనబడ్డాయి. మా ఆయన కంగారుపడి పట్టకారు అందుకున్నారు. "పొరపాటైందండీ, ఇప్పుడే తీసేస్తా."

"ఉంచండి" అన్నారు బాబాయిగారు. "ఇంట్లో వేరే ఫోటో లేదు."

ఆ మాటకి అర్థం మాకు ఒక్కసారిగా తెలియలేదు. సాయంత్రాలు కొట్టు నుంచి వస్తూ బస్సు దిగి మా స్టూలు మీద కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నారాయన. ఆ కూర్చోవడాల్లో కొద్దికొద్దిగా తెలిసింది.

బాబాయిగారి భార్య వరదకి ముందే పోయింది. పోయినప్పుడు పెద్ద ఫోటో కట్టించారు, అది గోడ మీదే నానిపోయి తెల్లబడిపోయింది. ఆల్బము పోయింది, ఫోను పోయింది. ఆ ఫోటో తీసిన స్టూడియోవాళ్ళ కంప్యూటరు నీళ్ళలో తేలిందట. పిల్లలు లేరు. చుట్టాలని అడగరాదా అంటే, నవ్వి ఊరుకున్నారు. ఆవిడది హనుమాన్ జంక్షన్ అవతల పల్లెటూరు, క్రైస్తవులు. వీళ్ళు మంగళగిరి మగ్గాలవాళ్ళు. ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు.

"మావాళ్ళు ఆవిణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదమ్మా. ఒక్కసారి కూడా. మా అమ్మ పోయినప్పుడు నేను లోపలికెళ్ళాను, ఆవిడ రోడ్డవతల సోడాబండి దగ్గర నిలబడింది" అన్నారు.

ఆ బొమ్మ ఆవిడదే. ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా చేసేదట. స్కూలువాళ్ళు డ్రాయింగ్ గదిలో పాత కాగితాలు పారేస్తుంటే దీన్ని ఏరుకొచ్చుకుంది. వంటింటి గోడకి అంటించింది. అది ఊడిపోతుంటే మళ్ళీ అంటించడం, ఈయన నవ్వడం. చివరికి ఈయనే చుట్టచుట్టి అటకెక్కించారు. అలా మిగిలింది.

"'ఏంటే, పగిలిపోయిన సామానంతా తెచ్చి గోడకి అంటించావు?' అనేవాణ్ణి. ఆవిడేమందో తెలుసా? 'నువ్వు కుర్చీలో కూర్చుంటావు కాబట్టి నీకు జగ్గు ఒకవైపే కనబడుద్ది. నేను వంటింట్లో కుదురుగా నిలబడేదెప్పుడు? నీళ్ళు పోసేప్పుడు మూతి చూస్తా, తోమేప్పుడు అడుగు చూస్తా, దాటుకుని పోయేప్పుడు పొట్ట చూస్తా. నాకు జగ్గంటే ఇవన్నీ కలిపి. ఈ బొమ్మ వేసినోడెవడో గానీ వంటింట్లో మసిలినోడే' అంది."

ఆయన చెప్పడం అయిపోయాక నేను ఆ సాయంత్రం మా వంటింట్లో జగ్గు పట్టుకుని కాసేపు నిలబడ్డానంటే మా ఆయన ఇప్పటికీ ఆట పట్టిస్తారు. కానీ ఆవిడ చెప్పింది నిజం. ఫోటోకి ఒకే కన్ను, అది కదలదు. ఇరవై నాలుగ్గంటలూ దానితోనే బతికే నాకు ఆ సంగతి ఎవరూ అలా చెప్పలేదు.

గుడ్డ చారల మీద మాత్రం ఆయన పంతం ఆయనదే. "మడత దగ్గర చారలు కలవలేదు చూడండి. ఇలా నేస్తే మా నాన్న వీపు చీరేసేవాడు" అనేవారు. మడత లోపల దాక్కున్న గుడ్డ కూడా కనబడాలని అలా వేశాడని ఆవిడ వాదనట. మనిషి లేదు, వాదన మాత్రం నడుస్తూనే ఉంది. రెండు వైపులా ఆయనే మాట్లాడేవారు.

ఇదంతా వింటూ కూర్చుంటే బాగానే ఉండేది, కానీ ఆయనకి కావలసింది ఇది కాదు. ఆవిడ మొహం కావాలి. దాని కోసం ఆయన తిరగని చోటు లేదు. స్కూలుకి వెళ్ళారు. ఏటా తీసిన గ్రూపు ఫోటోలు వరసగా గోడకి ఉన్నాయట, వాటిలో టీచర్లున్నారు, పిల్లలున్నారు. "ఆయాలు ఫోటోకి నిలబడరటమ్మా. పిల్లల్ని వరసలో నిలబెట్టి పక్కకి తప్పుకుంటారట" అని చెప్పారు. హనుమాన్ జంక్షన్ అవతల ఊరికి కూడా వెళ్ళారు. అన్ని ఏళ్ళ తర్వాత ఆవిడ అన్నగారింటికి. టీ ఇచ్చి కూర్చోబెట్టారట. ఆ అన్నగారు లోపలికెళ్ళి ఎప్పటిదో క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదీ తీయించుకున్న ఫోటో తెచ్చిచ్చారు. అందులో ఆవిడ నిలబడ్డ చోట చిల్లు ఉంది.

"వాళ్ళమ్మ కత్తిరించిందట. గుండ్రంగా, జాగ్రత్తగా కత్తిరించిందమ్మా. పక్కనున్న చెల్లెలి భుజం కూడా తెగకుండా."

"మీరేం చేశారు బాబాయిగారూ?"

"ఏం చేస్తాను, తిరగేసి చూశాను. వెనక అందరి పేర్లూ రాసున్నాయి. ఆవిడ పేరూ ఉంది. అది కొట్టెయ్యడం మర్చిపోయారు."

చివరికి గ్యాస్ ఏజెన్సీవాళ్ళ పాత కాగితాల్లో ఆవిడ ఆధార్ జిరాక్సు దొరికింది. జిరాక్సుకి జిరాక్సు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని తెచ్చారు. నేను మాటిచ్చేశాను. ఇప్పుడు కొత్త యాప్‌లొచ్చాయి, మరకనిస్తే మొహాన్నిస్తాయి. ఎంత పెద్ద మరకైనా వాటికి లెక్కలేదు. రెండు రోజులు కూర్చున్నాను. ముక్కు కంప్యూటరిచ్చింది, కళ్ళు నాకు తోచినవి పెట్టాను. లేత ఆకుపచ్చ మంగళగిరి చీరె కట్టాను, ఆయన సంతోషిస్తారని. నిజం చెప్పాలంటే అంత బాగా నేను ఎవరికీ చెయ్యలేదు.

ఆయన కాగితం అందుకుని అలవాటుగా వెనక్కి తిప్పారు. వెనక తెల్లగా ఉంది. ముందుకి తిప్పి చాలాసేపు చూశారు. కొత్తవాళ్ళని పరిచయం చేసినప్పుడు అడిగినట్టు, మర్యాదగా, "ఈవిడెవరండీ?" అన్నారు.

మా ఆయన చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది.

"ఎక్కడ తేడా వచ్చిందో చెప్పండి బాబాయిగారూ, మారుస్తాను. నుదురు తగ్గించమంటారా? కళ్ళు ఇంకాస్త పెద్దవా?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. "వంగినప్పుడు మెడ వెనక ఎముక కనబడేదమ్మా. చెయ్యి తుడుచుకునేటప్పుడు కొంగు ఎడమ చేత్తో పట్టుకునేది. కళ్ళజోడు తీసి జాకెట్టుకి తుడుచుకునేది, అప్పుడు ముక్కు మీద రెండు నొక్కులుండేవి. నవ్వితే ఈ పక్కన..." అని ఆగిపోయారు. "నుదురు ఎలా ఉండేదో తెలియటం లేదు. మొహం నిలబడటం లేదమ్మా. వస్తుంది, పోతుంది."

మా షాపులో ఏడ్చేవాళ్ళు మాకు కొత్త కాదు. వాళ్ళకి మంచినీళ్ళివ్వడం, కుర్చీ వెయ్యడం తెలుసు. ఆయన ఏడవలేదు. అదే తట్టుకోవడం నా వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ వెతికింది ఫోటో కోసం కాదు, లోపల చెరిగిపోతున్నదాన్ని పట్టుకోవడానికి అని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన వెళ్ళిపోతూ ఆ ఆకుపచ్చ చీరె ఫోటోని నా వైపు జరిపి, "మీ దగ్గరే ఉంచండమ్మా. ఇంట్లో పరాయి ఆడమనిషి ఫోటో ఎందుకు?" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఫోటో మాట ఎత్తలేదు. మనిషి చిక్కిపోయారు, చొక్కా భుజాలు జారిపోయేవి. ఒక సాయంత్రం మాత్రం, టీ గ్లాసు పక్కన పెట్టి, తనంతట తనే చెప్పారు.

"మొన్న ఒకటి కనిపెట్టానమ్మా. ఆ బొమ్మ ముందు కూర్చుని చూస్తున్నా. జగ్గు మూతి అంత గుండ్రంగా కనబడాలంటే చూసేవాళ్ళు దాని మీదికి వంగాలి కదా. సీసా అలా కనబడాలంటే పీట మీద కూర్చోవాలి. ఆ చాకు అలా కనబడాలంటే ఈ పక్కకి రావాలి. అంటే ఆ బల్ల చుట్టూ ఎవరో తిరుగుతున్నారు. బొమ్మలో మనిషి లేదు, చూసే మనిషి ఉంది. ఇప్పుడు నేను జగ్గుని చూస్తే ఆవిడ ఎక్కడ నిలబడిందో తెలుస్తోంది. ఆవిడ కళ్ళజోడు ఒకటి అటక మీద దొరికింది. ఒక కాడ విరిగిపోయిందిలే. మీ ఆయన పెట్టిన కొక్కేనికి తగిలించాను. ఆవిడకి దండలు గిట్టవు."

మా ఆయన తల ఎత్తకుండా మేకులు ఏరుకుంటూ ఉండిపోయారు. బాబాయిగారు లేచి, "చారలు మాత్రం కలవలేదమ్మా. అది నేను ఒప్పుకోను" అని బయల్దేరారు. మేం ఆయన్ని చూడటం అదే ఆఖరు. కొన్నాళ్ళు రాకపోతే కొట్టు వేళలు మారాయేమో అనుకున్నాం. ఆస్పత్రిలో ఒక్కరే ఉన్నారట. అసలు ఆధార్ కార్డు అక్కడే ఎక్కడో పోయిందట.

ఇవన్నీ ఫ్రేము తెచ్చిన ఆ పెద్దమనిషి, బాబాయిగారి ఇంటాయన చెప్పినవే. కౌంటరు ముందు నిలబడి, పాపం, బాధ్యతగానే చెప్పాడు.

"దీనికి ఆడవాళ్ళ కళ్ళజోడొకటి వేలాడుతోందమ్మా, విరిగిపోయింది. పొద్దున చెత్తబండిలో వేసేశా."

నాకు ఆయన్ని పట్టుకుని అరవాలనిపించింది. చెత్తబండి ఏ పక్కకి వెళ్ళిందని అడగాలనిపించింది. ఏం అరుస్తాను, ఆయనకేం తెలుసు? "కర్మ ఎవరు చేస్తున్నారండీ?" అని మాత్రం అడిగాను.

"మంగళగిరి నుంచి అన్నగారి కొడుకులొచ్చారమ్మా. కబురు పెట్టగానే వచ్చారు, మంచివాళ్ళే. ఎప్పుడో చిన్నప్పుడు చూశారట, బాబాయి మొహం గుర్తులేదంటున్నారు. ఫోటో ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి హాల్లో పెద్దల పక్కన పెట్టుకుంటారట."

ఆయన వెళ్ళాక జిరాక్సుని స్కాను చేసి తెర మీద పెద్దది చేశాను. మరక. పర్వాలేదు, ఈయన్ని నేను చూశాను కదా, ఈసారి పొరపాటు రాదు అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. టేపు వెంబడి నడిచే బొటనవేలు వచ్చింది. సాసరు ఎత్తే చెయ్యి వచ్చింది. స్టూలు మీద కూర్చుంటే నడినెత్తి మీద పలచబడ్డ జుట్టు వచ్చింది, ఎందుకంటే నేను కౌంటరు వెనక నిలబడి చూసేదాన్ని. చెవి వెనక పెన్ను, జారిన భుజం, వెళ్ళిపోతున్న వీపు వచ్చాయి. మొహం రాలేదు. రోజూ మొహాలు చేసే నాకు, అన్ని సాయంత్రాలు ఎదురుగా కూర్చున్న మనిషి మొహం నిలబడలేదు. బాబాయిగారూ, మీకెలా ఉండేదో అప్పుడు తెలిసిందండీ. వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

అయినా ఆదివారానికి ఫోటో కావాలి, అది మా పని. యాప్‌కి మరకనిచ్చాను, అదొక మొహాన్నిచ్చింది. పలచటి మీసాలతో, చల్లటి చూపుతో ఒక పెద్దాయన. తెల్లచొక్కా వేశాను. మేఘాలు పెట్టలేదు. ప్రింటు తీసి మా ఆయన ముందు పెడితే చూసి, "ఎవరే ఈయన?" అనబోయి ఆగిపోయారు.

ఫ్రేములోంచి జగ్గు బొమ్మ బయటికి తీశారు మా ఆయన. పారెయ్యమన్నాడు కదా ఇంటాయన. చాలాసేపు దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత ముందు వైపు అద్దం కింద ఆ పెద్దాయన ఫోటో బిగించారు. అట్ట వేశారు. అట్ట వెనక జగ్గు బొమ్మని బయటికి కనబడేలా పరిచి, దాని మీద ఇంకో అద్దం వేశారు. అంచులకి నల్ల టేపు తీసుకుని, ఎప్పుడూ లేనిది, స్కేలు పెట్టి, ఒక్క ముడత లేకుండా నాలుగు పక్కలా అతికించారు. అయ్యాక బొటనవేలు దాని వెంబడి పోనిచ్చారు. కొక్కేలు అలాగే ఉంచారు.

సోమవారం ఇంటాయన ఫోను చేశాడు.

"ఫోటో బ్రహ్మాండంగా కుదిరిందమ్మా. కొక్కేలకి పెద్ద దండ వేశారు. వచ్చినవాళ్ళంతా అచ్చం ఆయనే అన్నారు. అన్నగారి కొడుకులైతే ఫోటో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రాత్రే మంగళగిరి తీసుకెళ్ళిపోయారు. హాల్లో, గుమ్మానికి ఎదురుగా, వాళ్ళ నాయనమ్మ ఫోటో పక్కనే తగిలించారట."

"ఎవరైనా తిరగేసి చూశారా అండీ?"

"తిరగెయ్యడమెందుకమ్మా?" అన్నాడాయన. "వెనకేముంటుంది?"